పత్తి చేల నడుమ ఒక మంద

మన క్రైస్తవ కుటుంబములలో పిల్లలు మొదట కంఠతా నేర్చుకొనేది చాలా వరకు ఇరవై మూడవ కీర్తనే. దానిని పెండ్లిలో చదువుతాము, సమాధి దగ్గర చదువుతాము, ఆసుపత్రి మంచము ప్రక్కన నిలువబడి చదువుతాము. సంఘము వారు పంచే గోడ క్యాలెండరు మీద దాని బొమ్మ కూడా ఉంటుంది. పచ్చని కొండ, నీలి ఆకాశము, పాలవంటి తెల్లని గొర్రెలు. ఆ బొమ్మ ఏ దేశములో గీశారో గాని మన వరంగల్ ప్రాంతములో గీసినది మాత్రము కాదు. మన దగ్గర నాటు గొర్రె నల్లగా ఉంటుంది. నేల ఎర్రగా గాని నల్లగా గాని ఉంటుంది. ఎండాకాలము చివర పచ్చిక అన్నది వెదికినా దొరకదు. కాపరి భుజము మీద నల్లని గొంగడి, చేతిలో పొడుగాటి కర్ర, నడుముకు నీళ్ళ సీసా, చొక్కా జేబులో సెల్‌ఫోను.

ఈ కీర్తనను మన నేల మీద ఒకసారి చదువుకోవాలని నాకు చాలా కాలముగా ఆశ. గత జూన్‌లో డోర్నకల్‌లో దైవసేవకుల కూటము ఉన్నది. వరంగల్‌లో రైలు ఎక్కితే ఒక పూటలో చేరవచ్చు. నేను మూడు రోజులు ముందే బయలుదేరాను. ఆ మూడు రోజులలో చూచినది, విన్నది మీ ముందు పెడుతున్నాను.

మృగశిర కార్తె ప్రవేశించిన వారము వరంగల్ పట్టణమును చూడాలంటే వేయి స్తంభాల గుడికో, కోటలోని తోరణముల దగ్గరికో కాదు, విత్తనాల దుకాణముల దగ్గరికి వెళ్ళాలి. నల్లబెల్లి, పరకాల, వర్ధన్నపేట, నర్సంపేట వైపుల నుండి వచ్చిన రైతులు తువాలు తలకు చుట్టుకొని వరుసలో నిలువబడి ఉంటారు. పత్తి విత్తనాల ప్యాకెట్టు చేతికి రాగానే దానిని తిప్పి తిప్పి చూస్తారు. కొందరు నగదు ఇస్తారు. చాలా మంది ఖాతాలో వ్రాయిస్తారు. ఆ ఖాతా చలికాలములో ఏనుమాముల మార్కెట్టుకు పత్తి చేరిన తరువాతనే కొట్టివేయబడుతుంది, చేరితే! మన సంఘములలో ఈ జూన్ నెల కానుకలు తగ్గుతాయి, ప్రార్థన విన్నపములు పెరుగుతాయి. పల్లె సంఘములో పని చేసిన ప్రతి సేవకునికి ఇది తెలుసు.

అక్కడ నుండి నర్సంపేట బస్సు ఎక్కాను. నలభై కిలోమీటర్ల లోపు దూరము. నర్సంపేట దాటి అడవి దారిలో వెళ్తే పాకాల చెరువు వస్తుంది. కాకతీయుల కాలములో రెండు గుట్టల నడుమ కట్ట పోసి నిలిపిన నీరు అది. ఏడెనిమిది వందల ఏండ్లుగా ఆ కట్ట క్రింద వరి పండుతూనే ఉన్నది. నేను వెళ్ళిన రోజు నీరు అడుగున ఉన్నది. ఒడ్డున ఒక చిన్న మంద నీళ్ళు త్రాగుతున్నది. ప్రక్కనే కాలువలో నీరు పారుతున్నా గొర్రెలు అటు పోలేదు. పారే నీటికి గొర్రె బెదురుతుంది, జారి పడితే తడిసిన ఉన్ని బరువుకు లేవలేదు, అందుకని నిలిచిన నీటి దగ్గరికే తోలుకొని వస్తామని ఆ పిల్లవాడు చెప్పాడు. కీర్తనలోని నిమ్మళమైన నీటిని గూర్చి నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో. పద్దెనిమిది ఏండ్లు కూడా లేని ఆ పిల్లవాడు రెండు మాటలలో చెప్పివేశాడు.

మరునాడు నెక్కొండ వైపు వెళ్ళాను. కాజీపేట నుండి విజయవాడ పోయే రైలు మార్గము ఆ ఊరి మీదుగానే పోతుంది. నాకు తెలిసిన ఒక సంఘ పెద్ద ద్వారా ముందే కబురు పంపి ఉన్నాను గనుక ఊరి బయట ఒక మంద దగ్గర నా కోసము చూస్తున్నారు. ముగ్గురు కాపరులు, మూడు కుటుంబముల గొర్రెలు కలిపి మూడు వందలకు పైగా ఉంటాయి. వారిలో పెద్దవానికి అరవై దాటి ఉంటాయి. కురుమవారు. మన విశ్వాసములో ఉన్నవారు కాదు. సంక్రాంతికి ఐనవోలు జాతరకు వెళ్తారు, ఇంట్లో ఒగ్గు కథ చెప్పించుకుంటారు. నేను పాస్టరునని చెప్పినప్పుడు ఆయన నవ్వి, “మీరు గూడ కాపరులేనంట గద సారూ, మీ మందిరంల పాడుతరు, మేం ఇన్నం” అన్నాడు. ఆ మాటతో మా మధ్య ఉన్న కొత్తదనము పోయింది. నేను ఆయనను పెద్దయ్యా అనే పిలిచాను.

సాయంత్రము మూడు గంటలకు మంద కదిలింది. అంతకు నాలుగు రోజుల ముందు మంచి వాన పడింది. బోడిగా ఉన్న గట్ల మీద లేత గడ్డి మొలిచి పచ్చగా కనబడుతున్నది. ఎండాకాలమంతా ఎండుటాకులు, తుమ్మకాయలు తిని బ్రతికిన గొర్రెలు ఆ పచ్చదనము చూడగానే పరుగెత్తాయి. నేను సంతోషించాను. ఇదే గదా కీర్తనలోని పచ్చిక అనుకున్నాను. కాని పెద్దయ్య గట్టిగా కేక వేసి, కర్ర నేల మీద కొట్టి, అడ్డముగా ఉరికి మందను మళ్ళించాడు. ఇద్దరు చిన్నవారు రెండు ప్రక్కల నుండి నెట్టారు. గొర్రెలు మెడలు త్రిప్పి త్రిప్పి ఆ గట్టునే చూస్తూ, అరుస్తూ, ఎండిపోయిన బీడు వైపు నడిచాయి.

“ఎందుకు పెద్దయ్యా?” అని అడిగాను.

“ఇది ఇప్పుడే మొలిచిన గడ్డి సారూ. కడుపు నిండ తింటే చిటుకు రోగం పడ్తది. రాత్రి మంచిగ పండుకున్నది తెల్లారి లేవది. టీకాలు ఏపిచ్చినం గని నమ్మకం లేదు. ఇంక కొన్ని దినాలు పోవాలె, గడ్డి ముదరాలె. గొర్రెకేం తెలుస్తది, పచ్చగ కనబడితే ఉరుకుతది. ఇప్పుడు నన్ను తిట్టుకుంట నడుస్తున్నయి.”

జొన్న కోసిన చేనులో మోళ్ళకు వచ్చే చిగురు కూడా అంతేనని, చూడడానికి నవనవలాడుతూ ఉంటుంది గాని దానిలో విషము ఉంటుందని చెప్పాడు. ఆ సాయంత్రము మంద తిన్నది ఏమిటో చూచాను. ఎండిన గడ్డిపోచలు, రాలిన ఆకులు, పొడుగాటి దోటితో ఆయన వంచి దింపిన తుమ్మ కొమ్మలు. పచ్చిక గట్టు మీదనే ఉండిపోయింది. కాపరి కర్ర తోడేలును కొట్టడానికే అని మనము అనుకుంటాము. ఆ దినము నేను చూచినంత సేపు ఆ కర్ర ఎక్కువసార్లు అడ్డము పడినది తన గొర్రెలకే. దుడ్డుకర్ర, దండము ఆదరణ ఇస్తాయని దావీదు చెప్పిన మాటను గూర్చి నా మనస్సులో ఎప్పుడూ ఒక సందేహము ఉండేది. కర్రను చూచి ఎవరికి ఆదరణ కలుగుతుంది? దావీదు గొర్రెలు కాచినవాడు గనుక ఆ మాట వ్రాయగలిగాడు.

దీనిని పట్టుకొని, మనకు రాని ప్రతి దానినీ ‘దేవుడు అడ్డుకున్నాడు’ అని తేలికగా చెప్పే అలవాటు కొందరు బోధకులకు ఉన్నది. నేను ఆ మాట చెప్పడము లేదు. ఆకలితో ఉన్న ఇంటికి వెళ్ళి అలా చెప్పడము క్రూరత్వము. నేను చూచినది ఇంతే: గొర్రె తిట్టుకొంటూ నడిచిన దారిలో కూడా కాపరి దానితోనే ఉన్నాడు, దానికంటే ఎక్కువ దూరము నడిచాడు.

నడుస్తూ ఉండగా ఆ మందలో రెండు రకముల గొర్రెలు ఉన్నట్లు గమనించాను. పొట్టిగా, నల్లగా, ఉన్నితో ఉన్నవి కొన్ని. పొడుగు కాళ్ళతో, ఎర్రగా, వెంట్రుకలతో ఉన్నవి ఎక్కువ. నల్లవి దక్కని గొర్రెలు, మన తెలంగాణ నేలవి. ఉన్ని కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పెట్టి, గొంగడి నేసేది వీటి ఉన్నితోనే. ఎర్రవాటికి మాంసము ఎక్కువ, ధర ఎక్కువ, గనుక నల్లవి తగ్గిపోతున్నాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వము గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ పథకము పెట్టినది మీకు జ్ఞాపకము ఉండే ఉంటుంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. దాని ఖరీదు 1,25,000 రూపాయలు, అందులో 75 శాతము సబ్సిడీ. వేరే రాష్ట్రముల నుండి లారీలలో గొర్రెలు వచ్చాయి.

“అయి వచ్చిన కొత్తల మస్తు తిప్పలు పెట్టినయి సారూ. నేను పిలిస్తే రాకపోయేటియి. నా గొంతు ఎర్కలేదు వాటికి. పాతయి నా ఎంబడి వస్తుంటె వాటిని చూసి ఇయి నడిచేటియి. రెండు నెలలు పట్టింది” అన్నాడు పెద్దయ్య.

యోహాను సువార్త పదవ అధ్యాయమును గూర్చి ఇంతకంటే మంచి వ్యాఖ్యానము నా పుస్తకములలో లేదు. మన సంఘములోనికి కొత్తగా వచ్చిన ఆత్మలు ప్రభువు స్వరమును వెంటనే గుర్తుపట్టవు. ముందు నడుస్తున్న పాత విశ్వాసులను చూచి నడుస్తాయి. అమ్మలారా, అయ్యలారా, మన వెనుక ఎవరెవరు నడుస్తున్నారో ఒకసారి వెనుదిరిగి చూచుకోవలెను.

చీకటి పడుతుండగా ఒక రైతు పొలములోనికి మందను తోలారు. దుక్కి దున్ని ఇంకా విత్తనము వేయని నల్లరేగడి నేల. గొర్రె ఎరువు కోసము రైతులు రాత్రిపూట పొలములో మందను ఆపించుకోవడము మనకు తెలిసిన పద్ధతే. దానికి ధాన్యము గాని రొక్కము గాని ఇస్తారు. వాన పడి విత్తనము వేసే రోజు దగ్గరకు వచ్చింది గనుక అది ఆ ప్రాంతములో చివరి రాత్రులలో ఒకటి. మేకులు పాతి చుట్టూ వల కట్టారు. అప్పుడే పుట్టిన పిల్లలు నాలుగు ఉన్నాయి. పగలంతా వాటిని ఒకడు గొంగడి మడతలో భుజానికి వ్రేలాడదీసుకొని మోశాడు. ఇప్పుడు తల్లుల దగ్గర వదలి, పాలు త్రాగిన తరువాత గంప క్రింద మూశాడు. పెద్దయ్య వల వాకిట నిలిచి ఒక్కొక్కదానినీ చూస్తూ లోపలికి వదిలాడు. లెక్క పెడుతున్నావా అని అడిగితే, లెక్క ఎందుకు, ముఖము కనబడకపోతే తెలిసిపోతుంది అన్నాడు.

వారు వండిన జొన్న రొట్టె, పచ్చిమిరపకాయ తొక్కుతో నాకు భోజనము పెట్టారు. తరువాత ముగ్గురు కాపరులు వలకు మూడు ప్రక్కల పడుకున్నారు. మంచము లేదు. నేల మీద ఒక గొంగడి, పైన ఒక గొంగడి. తోడేళ్ళు ఇప్పుడు తక్కువేనట. ఊరకుక్కల గుంపు వస్తుంది. ఆటోలు వేసుకొని దొంగలు వస్తారు. రాత్రి రైళ్ళు పోతూనే ఉన్నాయి. ఒక్కొక్క రైలు కూతకు మంద ఉలిక్కిపడి లేచేది. పెద్దయ్య పడుకున్న చోట నుండే నాలుకతో ఒక చిన్న శబ్దము చేసేవాడు. అంతే, మంద మరల కూర్చుండేది. ఆయన రైలును ఆపలేదు. ఆయన అక్కడ ఉన్నాడని వాటికి తెలిసింది.

నాకు నిద్ర రాలేదు. నా ప్రక్కన ఆయన కూడా మేలుకొనే ఉన్నాడు. అప్పుడు నేను చాలా కాలముగా నా మనస్సులో ఉన్న ప్రశ్న ఆయనను అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు. మా సంఘములోని ఒక సహోదరిది.

ఆ ప్రశ్న చెప్పాలంటే 1997–98 చలికాలమును గూర్చి చెప్పాలి. ఈ పత్రిక చదివే వారిలో చాలా మంది ఆ రోజులు చూచినవారే. ఆ సంవత్సరము వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దెపురుగు పడింది. అకాల వర్షములు పడ్డాయి. మందు మీద మందు కొట్టారు. కల్తీ మందులు, కల్తీ విత్తనాలు. విత్తనము అమ్మినవాడే, మందు అమ్మినవాడే, అప్పు ఇచ్చినవాడు కూడా. పురుగు చావలేదు. రైతులు చనిపోయారు. పదుల సంఖ్యలో, ఊరి తరువాత ఊరు. దేశమంతటా పత్రికలు వరంగల్ పేరు వ్రాశాయి. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్న కుర్రవాడిని. మా బస్సు వెళ్ళే దారిలో ఏ ఊరి ముందు డప్పు వినబడినా అందరము ఒకరి ముఖము ఒకరము చూచుకొనేవారము.

మా సహోదరి భర్త ఆ చలికాలములోనే పోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు, మూడు ఎకరాల కౌలు, అప్పు. ఆయన మందిరములో డోలక్ వాయించేవాడట. ఆయన పోయిన విధమును బట్టి కొందరు పెద్దలు, సమాధి ప్రార్థన చేయవచ్చునా చేయకూడదా అని వాకిట నిలువబడి వాదించుకున్నారు. ఆమె లోపల కూర్చొని ఆ వాదన అంతా విన్నది. చివరికి అప్పటి పాస్టరు గారు ఎవరితోనూ వాదించక, బైబిలు తెరచి ప్రార్థన చేసి, శవమును ముందుండి తీసుకొని వెళ్ళారు. ఆ తరువాత చాలా నెలలు ఆయన వారములో రెండు సాయంత్రములు వచ్చి ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని వెళ్ళేవారట. ఎక్కువ మాట్లాడేవారు కాదట. సంఘములోని స్త్రీలు వంతులు వేసుకొని ఆమె చేనులో కలుపు తీశారు. ఆమె పిల్లలను పెంచింది, చదివించింది. ఇప్పుడు మనుమలు ఉన్నారు. ఒక్క ఆదివారము మందిరమునకు మానదు. కాని ఇరవై మూడవ కీర్తన చదివేటప్పుడు మాత్రము నోరు కదపదు. నేను ఆ సంఘమునకు వచ్చిన కొత్తలో గమనించి అడిగాను. “కాపరి ఉన్నడంటున్నరు గద అయ్యగారూ. మరి మా ఆయన మందల నుంచి పోతుంటె కాపరి చూడలేదా?” అన్నది. కోపముతో అనలేదు. మామూలుగా అడిగింది.

నేను ఆ రాత్రి పెద్దయ్యను అడిగినది ఇది: “ఎంత బాగా కాచినా గొర్రె చనిపోతుంది గదా పెద్దయ్యా. అప్పుడు ఏమి చేస్తావు?”

ఆయన కొంత సేపు మాట్లాడలేదు. తరువాత 2006 సంగతి చెప్పాడు. ఆ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో వరంగల్ జిల్లాలోని కొన్ని గ్రామములలో, పత్తి ఏరిన తరువాత ఆ చేలలో మేసిన గొర్రెలు గుంపులు గుంపులుగా చనిపోయినట్లు కాపరులు చెప్పారు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఆకులే దానికి కారణమని కొందరు అన్నారు. కాదు, ఆకులలో చేరిన నైట్రేట్లు గాని, పురుగుమందుల అవశేషములు గాని కారణము కావచ్చునని ప్రభుత్వ నిపుణులు అన్నారు. ఆ వాదము నాకు తేల్చే శక్తి లేదు. పెద్దయ్యకు తెలిసినది ఒక్కటే. ఆయన మందలో వంద ఉండేవి. వారము తిరగకముందే నలభై పోయాయి.

“పొద్దుగాల లేచి చూస్తే ఒక్కొక్కటి కాళ్ళు సాపి పడున్నయి. నేనే తోలుకపోయిన గద ఆ చేన్లకు. గుంత తోడి బొంద పెట్టినం. ఏడ్చిన సారూ. మా ఆడోళ్ళు, పిల్లలు అందరం ఏడ్చినం. రెండు దినాలు కూడు తినలే” అన్నాడు.

“తరువాత?”

“తర్వాత ఏమున్నది. మిగిలినయి ఉన్నయి గద, అరవై. వాటికి ఆకలైతది గద. ఏడ్చుకుంటనే మేపిన.”

ఇంకొక రైలు పోయింది. ఆయన నాలుకతో ఆ చిన్న శబ్దము చేశాడు.

ప్రియులారా, ఆ మనుష్యుడు తెలియక తన మందను ఆ చేనులోనికి తోలాడు. మన దేవునికి తెలియనిది లేదు గనుక ఈ పోలిక సగము దూరమే వస్తుంది. మిగిలిన సగమును నేను వివరించలేను, వివరించానని చెప్పేవారిని నమ్మలేను. అయితే లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏమి చేశాడో యోహాను సువార్త పదకొండవ అధ్యాయములో ఉన్నది. కొద్ది సేపటిలో అతనిని లేపబోతున్నవాడు, ముందు నిలిచి ఏడ్చాడు. మార్త, మరియ ఇద్దరూ ఒకే మాట అన్నారు, నీవు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చావకపోయేవాడని. మా సహోదరి ప్రశ్న అదే. ప్రభువు ఆ ప్రశ్న అడిగినందుకు వారిద్దరిలో ఎవరినీ గద్దించలేదు.

ఇరవై మూడవ కీర్తనను ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో మరల చదివాను. మొదటి మూడు వచనములలో దావీదు దేవుని గూర్చి మనకు చెబుతున్నాడు, ఆయన ఇలా చేస్తాడు, ఆయన అలా నడిపిస్తాడు అని. నాలుగవ వచనములో చీకటి లోయలో అడుగు పెట్టగానే ‘ఆయన’ అనే మాట పోయి ‘నీవు’ అనే మాట వస్తుంది. పచ్చికలో ఉన్నంత సేపు దేవుని గూర్చి మాట్లాడినవాడు లోయలో దేవునితోనే మాట్లాడడము మొదలుపెట్టాడు. లోయ చుట్టూ తిప్పి తీసుకొని పోతానని ఆ కీర్తనలో ఎక్కడా వాగ్దానము లేదు. తోడుగా ఉన్నాడని ఉన్నది.

ఆ విధముగా ప్రాణము విడిచినవారిని గూర్చి కూడా ఒక మాట చెప్పవలెను. ఇప్పటికీ కొన్ని గ్రామములలో, వారికి సమాధి ప్రార్థన చేయాలా వద్దా అనే వాదన వస్తున్నది. అప్పు, అవమానము, నిద్ర లేని రాత్రులు ఒక మనుష్యుని ఎంత దూరము తోలుతాయో మనకు తెలియదు. ఆ చివరి ఘడియలో ఆ మనుష్యునికి, దేవునికి మధ్య ఏమి జరిగిందో అసలే తెలియదు. తీర్పు మన చేతిలో పెట్టబడలేదు. విధవరాలి అరుగు మాత్రము మన ఊరిలోనే ఉన్నది. ఇంకొకటి. ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరికైనా అప్పు భారము వలన అటువంటి తలంపు వస్తూ ఉంటే, అది పాపమని దాచుకోవద్దు. ఈ రాత్రే మీ ఇంటివారితో చెప్పండి, మీ పాస్టరు గారి తలుపు తట్టండి. 2022 నుండి ప్రభుత్వము వారి టెలిమానస్ ఉన్నది, 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే తాళము వేసి తాళపుచెవి వేరొకరి దగ్గర పెట్టండి. ఇది విశ్వాసములేనితనము కాదు. వల కట్టుకోవడము వంటిదే.

తెల్లవారి నెక్కొండలో ప్యాసింజరు ఎక్కాను. కేసముద్రము, మహబూబాబాద్, గార్ల దాటి డోర్నకల్ జంక్షన్‌లో దిగాను. ఈ ఊరు ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిదే. 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత మహబూబాబాద్ జిల్లాలో చేరింది. బొగ్గు గనుల వైపు చీలే రైలు మార్గము వలన ఏర్పడిన జంక్షను. దీనికి లోకములో పేరు తెచ్చినది మాత్రము తిరునెల్వేలి నుండి వచ్చిన ఒక తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో మిషనరీగా ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కెథడ్రల్‌ను మీరు చూడకపోతే ఒకసారి పిల్లలను తీసుకొని వెళ్ళండి. గుడి స్తంభముల వంటి స్తంభములు, మసీదు గుమ్మటముల వంటి గుమ్మటములు. ఈ దేశపు మందిరము ఈ దేశములోనిదిగా కనబడాలని ఆయన కట్టించారు. 1945 జనవరి 1న ఆయన మరణించారు. ఈ ఊరిలోనే ఆయన సమాధి ఉన్నది.

బిషప్పు చేతిలో ఉండే వంకర కర్ర కాపరి కర్రయే. ఆ కర్ర పట్టుకొన్నవారు చాలా మంది ఉన్నారు. అజరయ్య గారిని గూర్చి నాకు ఇష్టమైనది ఏమిటంటే ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద కూడా పల్లెలు తిరిగారు. ఆయన తిరిగినది ఎక్కువగా మాల, మాదిగ పల్లెలలో, భూమి లేని కూలివారి మధ్య. ఆ కుటుంబముల మనుమలు, మునిమనుమలే ఈనాడు మన సంఘములలో సగము మంది.

దైవసేవకుల కూటములో ఆ మధ్యాహ్నము యెహెజ్కేలు ముప్పది నాలుగవ అధ్యాయము ధ్యానించాము. మందను మేపక తమ్మును తామే మేపుకొన్న కాపరులను గూర్చిన అధ్యాయము అది. కొంత సేపు ఎవరూ తల ఎత్తలేదు. వంతు వచ్చినప్పుడు నేను నెక్కొండ పొలములో రాత్రి సంగతి చెప్పాను. ఒక పెద్ద పాస్టరు గారు, “మన దగ్గర మైకులు ఉన్నవి, కార్లు కూడా వచ్చినవి. వల ప్రక్కన పడుకొనేవారు ఎంత మంది ఉన్నారు?” అన్నారు. తరువాత పది మందిమి కలిసి ఒక పని అనుకున్నాము. విత్తనము వేసే నెలలో, పత్తి ఏరే నెలలో, మా సంఘములలో అప్పు చేసిన ప్రతి ఇంటికి కనీసము ఒకసారి వెళ్ళి కూర్చోవాలి. చందా పుస్తకము తీసుకొని వెళ్ళకూడదు. ఈ రెండవ షరతు మీద కొంచెము చర్చ జరిగింది గాని చివరికి ఒప్పుకున్నారు.

తిరుగు ప్రయాణములో కిటికీ ప్రక్కన కూర్చున్నాను. నెక్కొండ దగ్గర ఆ పొలము కనబడింది. వల లేదు, మంద లేదు. నాగలి సాళ్ళ మధ్య ఇద్దరు స్త్రీలు వంగి పత్తి గింజలు పెడుతున్నారు.

ఇంటికి చేరిన రెండవ దినమున ఆ సహోదరి ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చొని కందులు చెరుగుతున్నది. పెద్దయ్య చెప్పినది చెప్పినట్లే చెప్పాను. పత్తి చేనులో నలభై గొర్రెలు పోయిన మాట దగ్గర చేట ప్రక్కన పెట్టింది. ఏడ్చుకుంటూనే మేపానన్న మాట విన్న తరువాత చాలా సేపు మౌనముగా ఉన్నది.

“ఆ పాత పాస్టరయ్య గూడ గట్లనే అరుగు మీద కూసునేటోడు. ఆయన కండ్లల్ల నీళ్ళు ఉండేటియి. నేనప్పుడు చూసి గూడ చూడనట్టు ఉన్న” అన్నది. తరువాత, “ఆయన అరవై గొర్లు ఇప్పుడెన్ని అయినయి అయ్యగారూ?” అని అడిగింది.

“నూట యాభై దాకా ఉన్నాయమ్మా” అన్నాను.

ఆమె చేట మరల చేతిలోకి తీసుకున్నది. వచ్చే ఆదివారము వాక్యపఠనము ఎవరిదని అడిగింది. ఇంకా ఎవరికీ చెప్పలేదన్నాను. ఆ కీర్తనైతే తాను చదువుతానని, అద్దాలు మార్పించుకోవాలి గనుక పెద్దక్షరాల బైబిలు తెచ్చి ఇవ్వమని అడిగింది.